మూడవ సాలార్ జంగ్

మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్ జంగ్ (1889 జూన్ 13 - 1949 మార్చి 2) హైదరాబాదు సంస్థానానికి చెందిన జాగీర్దారు, 1912 నుండి 1914 వరకు ఏడవ నిజాముకు దివాను, సుప్రసిద్ధ కళావస్తు సేకర్త. దివాను పదవిని వదలుకొన్న తరువాత సుమారు 35 సంవత్సరాలపాటు తన ఆదాయాన్నీ కాలాన్నీ శిల్పాలు, చిత్రాలు, వ్రాతప్రతులు, పచ్చరాతి వస్తువులు, గాజు, పింగాణీ, వెండి, బిద్రీ పాత్రల సేకరణకు వినియోగించాడు. హైదరాబాదు పాతబస్తీలో మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియం చాలావరకు ఇతని సేకరణయే. అవివాహితుడుగా, నేరుగా వారసులు లేకుండా మరణించడంతో ఈ సేకరణ చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. న్యాయస్థానంలో రాజీ కుదిరి, అది చివరకు జాతి ఆస్తిగా నిలిచింది.

వంశం

సాలార్ జంగ్ కుటుంబం నిజాముల పాలనలో తరతరాలుగా ఉన్నత పదవులు నిర్వహించింది. ఈ వంశంతో సంబంధమున్న మీర్ ఆలం 1804 నుండి 1808 వరకు దివానుగా పనిచేశాడు. హైదరాబాదులోని మీర్ ఆలం చెరువు ఇతని పేరుమీద ఏర్పడినదే. మీర్ ఆలం అల్లుడైన మునీరుల్ ముల్కు, ఆ తరువాత సిరాజుల్ ముల్కు కూడా దివానులుగా ఉన్నారు.

యూసుఫ్ అలీ ఖాన్ తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్ జంగ్, 1853లో దివాను పదవి చేపట్టి 1883లో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. సంస్థానపు రెవెన్యూ, న్యాయ, విద్యావ్యవస్థలను సంస్కరించినవాడుగా ఇతడు చరిత్రకెక్కాడు. 1869లో అయిదవ నిజాము మరణించినపుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్ళు నిండని బాలుడు. ఆ బాలుని తరఫున పాలన నడిపిన ఇద్దరు సంరక్షకులలో మొదటి సాలార్ జంగ్ ఒకడు. 1876లో ఐరోపా పర్యటనకు వెళ్ళినపుడు ఇతడు రోము నగరంలో ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని కొన్నాడు. ఆ తరువాత కుటుంబ సేకరణకు ఈ విగ్రహమే గుర్తుగా మారింది.

తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండవ సాలార్ జంగ్, 1884లో దివానుగా నియమితుడై 1887లో రాజీనామా చేశాడు.

బాల్యం, విద్య

యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించాడు. పుట్టి నెల తిరగకముందే, అదే సంవత్సరం జులైలో, తండ్రి మరణించాడు. నెల నిండని శిశువు సంస్థానంలోని అతి పెద్ద జాగీర్లలో ఒకదానికి ఏకైక వారసుడయ్యాడు. కోస్గి, కొప్పళ, యెల్బుర్గా, అజంతా మొదలైన ప్రాంతాలలోని మూడు వందలకు పైగా గ్రామాలు ఈ జాగీరులో ఉండేవి. నేటి లెక్క ప్రకారం ఇవి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రలలో వ్యాపించి ఉన్నాయి.

జాగీరు నిర్వహణ, బాలుని పెంపకం ఆరవ నిజాము పర్యవేక్షణలోకి వచ్చాయి. తాను బాలుడుగా ఉన్నపుడు రాజ్యాన్ని కాపాడిన దివాను మనుమనికి ఈసారి నిజామే సంరక్షకుడయ్యాడు. సాలార్ జంగ్ అనే వంశపు బిరుదును యూసుఫ్ అలీ ఖానుకు ఇచ్చినది కూడా మహబూబ్ అలీ ఖానే. యూసుఫ్ అలీ ఖాన్ చదువు నిజాం కళాశాలలో సాగింది.

బాల్యం గడచిన దివాన్ దేవిడీ పాతబస్తీలో చార్మినారుకు, మూసీనదికి నడుమ ఉండేది. ఇది ఒకే భవనం కాదు. దర్బారు మందిరాలు, జనానా, తోటలు, సిబ్బంది నివాసాలు కలిసిన పెద్ద ప్రాంగణం. అద్దాలతో అలంకరించిన ఐనాఖానా, పింగాణీ వస్తువులతో నిండిన చీనీఖానా, కొయ్యపనికి పేరుపొందిన లక్కడ్‌కోట్ అందులోని భాగాలు. తాత, తండ్రి కూర్చిన వస్తువుల నడుమ పెరగడంవలన, ఇంటి గదులకు వస్తువుల పేర్లు పెట్టిన ఆ వాతావరణంవలన చిన్ననాటినుండే కళావస్తువులతో ఆయనకు పరిచయం కలిగింది.

దివాను పదవి

1911లో ఆరవ నిజాము మరణించి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సింహాసనానికి వచ్చాడు. మరుసటి సంవత్సరం మహారాజా కిషన్ పర్షాదు స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్ దివానుగా నియమితుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు 23 సంవత్సరాలు. తాత, తండ్రి నిర్వహించిన పదవి మూడవ తరానికి దక్కింది.

ఈ పదవి ఎక్కువకాలం నిలువలేదు. కొత్త నిజాము పాలనా వ్యవహారాలను తన చేతిలోకే తీసుకోదలచాడు. 1914 నవంబరులో యూసుఫ్ అలీ ఖాన్ రాజీనామా చేశాడు. ఆ తరువాత 1919 వరకు ఉస్మాన్ అలీ ఖాన్ దివాను లేకుండానే నేరుగా పాలించి, 1919లో సర్ అలీ ఇమాం అధ్యక్షతన కార్యనిర్వాహక మండలిని ఏర్పాటు చేశాడు. తాత 30 ఏళ్ళు నిర్వహించిన పదవిలో మనుమడు ఉన్నది రెండేళ్ళు మాత్రమే. పాతికేళ్ళ వయసులో పదవినుండి తప్పుకొన్న యూసుఫ్ అలీ ఖాన్ మళ్ళీ సంస్థానపు పాలనా బాధ్యతలలోకి రాలేదు.

సేకరణ

రాజీనామా తరువాత యూసుఫ్ అలీ ఖాన్ ప్రధాన వ్యాసంగం సేకరణే అయింది. ఐరోపాకు, మధ్యప్రాచ్య దేశాలకు ప్రయాణించినపుడు స్వయంగా వస్తువులు కొన్నాడు. ఇతర దేశాలలోని దళారులు, వర్తకులు ఆయనకోసం వస్తువులు వెదకి పంపేవారు. దేశంలోని వర్తకులు వస్తువులతో దివాన్ దేవిడీకే వచ్చేవారు. పాత సంపన్న కుటుంబాలు అమ్మకానికి పెట్టిన వస్తువులు కూడా ఇక్కడికి చేరేవి.

సేకరణలో ఒక దేశమని, ఒక కాలమని నియమం కనబడదు. మొగలు చక్రవర్తుల పచ్చరాతి వస్తువులు, దక్కను సూక్ష్మచిత్రాలు, చీనా, జపాను పింగాణీ, ఫ్రాన్సు గృహోపకరణాలు, వెనిస్, బొహీమియా గాజు, ఆయుధాలు, గడియారాలు, చేతికర్రలు, పిల్లల బొమ్మలు అన్నీ ఇందులో ఉన్నాయి. పచ్చరాతి వస్తువులలో ఢిల్లీ సుల్తాను ఇల్తుత్మిష్ పేరుగల పుస్తకపీఠం, షాజహాను బిరుదు చెక్కిన విలుకాని ఉంగరం, జహంగీరు కత్తి, నూర్జహానుదిగా చెప్పే బాకు ముఖ్యమైనవి.

ఇంత విస్తృతమైన సేకరణలో పూజాద్రవ్యాలు, రాజచిహ్నాలకంటె ఇంట్లో వాడే వస్తువులే ఎక్కువ. నీళ్ళు పోసుకొనే కూజా, షర్బతు గిన్నె, తాంబూలపు పెట్టె, పన్నీటి బుడ్డి, హుక్కా బుడ్డి వంటి వాటిని ఆయన చిత్రాలతో, శిల్పాలతో సమానంగా పోగుచేశాడు. దక్కను లోహపు పనివారి నేర్పును తెలుసుకోవడానికి ఈ విభాగం ప్రధాన ఆధారం.

బిద్రీ పాత్రలు

సేకరణలోని దక్కను లోహవస్తువులలో బిద్రీ పాత్రలకు ప్రత్యేక స్థానం ఉంది. ఈ కళకు పేరునిచ్చిన బీదరు పట్టణం 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. బహమనీ సుల్తానుల కాలంలో, 15వ శతాబ్దంలో, ఇరాను నుండి వచ్చిన పనివారివలన ఈ కళ మొదలయిందని సంప్రదాయం చెబుతుంది. ఇపుడు లభిస్తున్న పాత వస్తువులు ఎక్కువగా 17వ శతాబ్దమునుండి మొదలవుతాయి.

బిద్రీ పాత్ర వెండిపాత్ర కాదు. నల్లని లోహంలో వెండిని పొదిగిన పాత్ర. దీని తయారీలోని దశలు ఇవి:

* జింకులో కొద్దిపాటి రాగి కలిపి కరిగించి, మట్టి అచ్చులో పోస్తారు. సాధారణంగా 16 పాళ్ళ జింకుకు ఒక పాలు రాగి కలుపుతారు. పోతపోసిన పాత్ర బూడిదరంగులో ఉంటుంది.
* పాత్రను ఆకురాయితో నునుపుచేసి మైలతుత్తం నీటితో రుద్దుతారు. దానితో ఉపరితలం తాత్కాలికంగా నల్లబడి, దానిపై గీసే గీతలు స్పష్టంగా కనబడతాయి.
* పనివాడు సన్నని ఉలితో చేతివాటంగా లతలు, పూలు గీసి చెక్కుతాడు.
* చెక్కిన గాడిలో వెండి తీగనుగాని, కత్తిరించిన వెండిరేకునుగాని సుత్తితో కొట్టి కూర్చుతాడు. కొన్ని పాత్రలలో ఇత్తడి, బంగారం కూడా ఉంటాయి.
* మళ్ళీ నునుపుచేసిన పాత్రను కొద్దిగా వేడిచేసి, బీదరు కోటలోని పాత కట్టడాల మట్టిలో నవాసారం కలిపిన ముద్దతో రుద్దుతారు. జింకు మిశ్రమం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండికి ఏమీ కాదు. చివర నూనె రాసి మెరుగుపెడతారు.

కోట మట్టిలో సురేకారం ఉండడం ఈ నలుపుకు కారణమని చెబుతారు. ఎండ, వాన తగలని చోటి మట్టిని పనివారు నాలుకపై రుచిచూసి ఎంచుకొంటారు.

వెండిని కూర్చే పద్ధతినిబట్టి పనికి వేర్వేరు పేర్లున్నాయి. తీగను పొదగడం తార్‌కషీ. రేకును లోతుగా చెక్కిన గుంటలో సమతలంగా అమర్చడం తెహ్‌నిషాన్. వెండి ఉపరితలం పైకి ఉబ్బెత్తుగా నిలిచేలా చేయడం జర్‌బులంద్. పాత్రనంతా వెండిరేకుతో కప్పి, అందులో కత్తిరించిన సందులలోనుండి నల్లని లోహం పువ్వులుగా కనబడేటట్లు చేయడం ఆఫ్తాబీ. ఈ చివరి పద్ధతిలో నలుపు, తెలుపుల స్థానాలు తారుమారవుతాయి.

అలంకరణలో గసగసాల పూమొక్క, ఐరిస్ పువ్వు, ద్రాక్షతీగ, చేపపొలుసు, నాణెపు చుక్కలు తరచుగా కనబడతాయి. ఒకే పూమొక్కను కమానుల వరుసలో నిలిపి చూపడం మొగలు ప్రభావం. పాత్ర మెడనుండి అడుగుదాకా విడవకుండా అల్లుకొనే లత ఇరాను, దక్కను సంప్రదాయాలకు దగ్గరిది.

జింకు పులుపు తగిలితే కరిగే లోహం గనుక బిద్రీ పాత్ర పుల్లని పానీయాలకు తగదు. ఈ పనిలో ఎక్కువగా కనబడేవి హుక్కా బుడ్డులు, పొడవాటి మెడగల సురాహీలు, చేతులు కడుగుకొనేందుకు నీళ్ళుపోసే ఆఫ్తాబాలు, వాటికింద ఉంచే పళ్ళాలు, పాన్‌దానులు, తమ్మపడిగలు. భోజనం, తాంబూలం, పొగత్రాగడం చుట్టూ అల్లుకొన్న దక్కను ఉన్నతవర్గపు ఆతిథ్యపద్ధతి మొత్తం ఈ పాత్రలవలన తెలుస్తుంది.

వెండి పాత్రలు, తీగపని

పాతబస్తీలో వెండిపనికి ఎప్పటినుండో గిరాకీ ఉంది. చార్‌కమాను, గుల్జార్‌హౌజు పరిసరాలలో వెండి, బంగారు వర్తకుల దుకాణాలు ఉన్నాయి. వెండిని తోలు పొరల మధ్య ఉంచి సుత్తితో గంటలకొద్దీ కొట్టి, మిఠాయిలపై, పాన్‌పై అతికే పలుచని వరఖుగా మార్చడం ఈ ప్రాంతపు పాత వృత్తులలో ఒకటి.

మ్యూజియంలోని వెండి వస్తువులలో కరీంనగరు తీగపని ముఖ్యమైనది. ఇందులో వెండిని సన్నని తీగలుగా సాగదీసి, రెండేసి తీగలను కలిపి మెలిపెట్టి, వాటిని కొద్దిగా చదునుచేస్తారు. మందమైన తీగతో ముందుగా ఆకు, పువ్వు, నెమలి వంటి చట్రాలను చేసుకొని, సన్నని తీగను సుడులుగా చుట్టి ఆ చట్రాలలో నింపుతారు. వెలిగారం కలిపిన టంకపు పొడి చల్లి వేడిచేస్తే తీగలన్నీ అతుక్కొంటాయి. అనేక చిన్న భాగాలను విడివిడిగా తయారుచేసి, చివర కలిపి అత్తరుదానులు, పన్నీటి బుడ్డులు, పాన్‌దానులు, పళ్ళాలు తయారుచేస్తారు.

ఈ పాత్రల గోడలు జాలీలవంటివి గనుక ద్రవపదార్థం నిలువదు. పన్నీరు పోసే బుడ్డికి లోపల మరొక పాత్రగాని, గట్టి రేకుతో చేసిన భాగంగాని అవసరం. నీళ్ళు త్రాగే గిన్నెలకు, కూజాలకు గట్టి వెండిరేకును వాడి, లోపలినుండి కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తేల్చి, బయటినుండి నగిషీ చెక్కడం వేరొక పద్ధతి. బిద్రీ, తీగపని, నగిషీ అనే ఈ మూడింటిలో వెండి మూడు విధాలుగా పనిచేస్తుంది. మొదటిదానిలో అది గీత. రెండవదానిలో అల్లిక. మూడవదానిలో ఉపరితలం.

ఐరోపా పానపాత్రలతో పోలిక

యూసుఫ్ అలీ ఖాన్ తూర్పు, పడమర వస్తువులను పక్కపక్కనే పోగుచేయడంవలన రెండు ప్రాంతాల అలంకరణ పద్ధతులను పోల్చిచూడడానికి వీలు కలుగుతుంది. దక్కనుతో పాత సంబంధమున్న ఐరోపా జాతులలో డచ్చివారు ముఖ్యులు. వీరి తూర్పు ఇండియా కంపెనీ 1606లో మచిలీపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పింది. గోలకొండ రాజ్యపు అద్దకపు బట్టలు కొనడానికి వీరు జపాను వెండిని, రాగిని ఓడలలో తెచ్చేవారు. మచిలీపట్నంలోని వలందపాలెం పేరులో వలందులని పిలువబడిన ఆ డచ్చివారి గుర్తు మిగిలింది.

వర్తకంవలన సంపన్నమైన హాలెండులో 17వ శతాబ్దం వెండి పానపాత్రలకు గొప్ప కాలం. ఉట్రెక్ట్ నగరపు వాన్ వియానెన్ కుటుంబానికి చెందిన పౌలుస్, ఆడమ్ సోదరులు వెండిని కరుగుతున్న మైనంవలె వంపులు తిప్పి, చెవి మడతలను, నీటి అలలను పోలిన రూపాలు తీర్చారు. సముద్రపు నాటిలస్ గవ్వకు వెండి కాడ, అంచు అమర్చిన పాత్రలు మరొక రకం. గాలిమర బొమ్మతో చేసిన పాత్ర వినోదానికి ఉద్దేశించినది. దానిని నేలపై నిలపడానికి వీలులేదు. గొట్టంలో ఊది రెక్కలు తిప్పి, అవి ఆగేలోగా పాత్రలోని పానీయాన్ని పూర్తిచేయాలి. ఫ్రీస్‌లాండు ప్రాంతంలో పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు ఎండుద్రాక్ష వేసిన బ్రాందీని రెండు పిడుల కోలపాటి వెండిగిన్నెలో అతిథులకు అందించేవారు. నిటారుగా ఉండే సాధారణ గ్లాసులపై పూలు, పక్షులు, విశ్వాసం, ఆశ, దయ అనే గుణాలను స్త్రీమూర్తులుగా చూపే బొమ్మలు చెక్కేవారు.

ఈ రెండు సంప్రదాయాల మధ్య పెద్ద భేదం అలంకరణలో కాక గుర్తింపులో ఉంది. డచ్చి వెండిపాత్ర అడుగున సాధారణంగా నగరపు ముద్ర, సంవత్సరాన్ని తెలిపే అక్షరం, పనివాని ముద్ర ఉంటాయి. వాటినిబట్టి ఆ పాత్రను ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేశారో చెప్పవచ్చు. బిద్రీ పాత్రలు, కరీంనగరు తీగపని వస్తువులు చాలావరకు పనివాని పేరుగాని, తేదీగాని లేనివి. అది ఏ ఇంటినుండి వచ్చింది, ఎవరివద్ద కొన్నారు అనే వివరం పోతే ఆ పాత్ర చరిత్ర తెలుసుకొనే దారి దాదాపు మూసుకుపోతుంది. అటువంటి వస్తువులు విడిపోకుండా ఒకచోట ఉంటేనే ఆకృతి, పనితనం పోల్చి వాటి కాలాన్ని నిర్ణయించడం సాధ్యమవుతుంది. యూసుఫ్ అలీ ఖాన్ సేకరణ ప్రాధాన్యం ఇక్కడ తెలుస్తుంది.

గ్రంథాలయం

కుటుంబ గ్రంథాలయాన్ని కూడా యూసుఫ్ అలీ ఖాన్ బాగా పెంచాడు. అరబ్బీ, పారశీక, ఉర్దూ భాషల వ్రాతప్రతులు వేలసంఖ్యలో ఇందులో చేరాయి. యాఖూత్ అల్ ముస్తాసిమీ వ్రాసినదిగా చెప్పే, మొగలు చక్రవర్తుల సంతకాలు గల ఖురాను ప్రతి వీటిలో పేరెన్నికగన్నది. హైదరాబాదు నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా కవితల వ్రాతప్రతి కూడా ఇక్కడ ఉంది. కవులను, రచయితలను ఆదరించిన యూసుఫ్ అలీ ఖాన్ దక్కనీ ఉర్దూ గ్రంథాల ముద్రణకు సహాయపడ్డాడు.

మరణం, వారసత్వ వివాదం

యూసుఫ్ అలీ ఖాన్ వివాహం చేసుకోలేదు. 1949 మార్చి 2న హైదరాబాదులో మరణించాడు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో కుటుంబ సమాధుల వద్ద ఆయనను ఖననం చేశారు.

ఆయన మరణించిన సమయం సంస్థాన చరిత్రలో కీలకమైనది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. మూడు తరాల సేకరణను పోషించిన జాగీరు ఆదాయం యజమాని మరణించిన ఆరు నెలలలోపే ఆగిపోయింది. నేరుగా వారసుడు లేడు. దూరపు బంధువులు అనేకులు ఆస్తిలో వాటా కోరారు. దేవిడీ గదులలో వేలాది వస్తువులు ఉన్నాయి. వంతులు వేసి పంచితే వెండి తూకానికి, రాళ్ళు విలువకు, పాత్రలు వేలానికి పోయే పరిస్థితి అది.

ప్రభుత్వం ఆస్తి నిర్వహణకు ఒక కమిటీని నియమించింది. హైదరాబాదు రాష్ట్ర పాలనా బాధ్యత వహించిన ఎం.కె.వెల్లోడి ఈ సేకరణను ప్రజలకు చూపాలని సంకల్పించి, కళావిమర్శకుడు డాక్టర్ జేమ్స్ కజిన్స్ సహాయం కోరాడు. కజిన్స్ ఐర్లండుకు చెందిన కవి. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేయడంవలన తెలుగుదేశానికి పరిచితుడు. ఇతని సలహామేరకు దివాన్ దేవిడీలోని వస్తువులను విభాగాలుగా అమర్చారు. 1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించాడు.

వారసత్వపు వ్యాజ్యం మరికొన్ని సంవత్సరాలు సాగింది. 1958లో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీ ప్రకారం వారసులు సేకరణపై హక్కును భారత ప్రభుత్వానికి వదలుకొన్నారు. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, సాలార్ జంగ్ మ్యూజియాన్ని, గ్రంథాలయాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. దీని నిర్వహణకు రాష్ట్ర గవర్నరు అధ్యక్షతన ధర్మకర్తల మండలి ఏర్పడింది.

మ్యూజియం

1968లో సేకరణను దివాన్ దేవిడీ నుండి మూసీ ఒడ్డున దారుల్‌షిఫా వద్ద నిర్మించిన కొత్త భవనానికి తరలించారు. దివాన్ దేవిడీ తరువాతి కాలంలో చాలావరకు కూల్చివేతకు గురై, ద్వారాలు మాత్రం మిగిలాయి. 2000 సంవత్సరంలో మ్యూజియానికి తూర్పు, పడమర దిక్కులలో రెండు భవనాలు చేరాయి. తూర్పు భవనానికి మీర్ లాయఖ్ అలీ ఖాన్ పేరు, పడమటి భవనానికి మీర్ తురాబ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. తూర్పు, పశ్చిమ దేశాల వస్తువులు ఈ భవనాలలో ఉన్నాయి. భారతీయ విభాగంలో బిద్రీ, వెండి పాత్రలను చూడవచ్చు.

సందర్శకులు ఎక్కువగా గుమిగూడేది సంగీత గడియారం ముందు. ప్రతి గంటకూ చిన్న మనిషిబొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే ఈ గడియారం, మేలిముసుగు రెబెక్కా, రెండువైపులా రెండు మూర్తులుగల కొయ్య శిల్పం మ్యూజియానికి ప్రజాదరణ తెచ్చాయి.

అంచనా

యూసుఫ్ అలీ ఖాన్ సేకరణపై విమర్శలు లేకపోలేదు. అభిరుచి మరీ విస్తృతం కావడంవలన గొప్ప వస్తువుల పక్కన సామాన్యమైనవి, నకళ్ళు కూడా చేరాయి. ఐరోపా చిత్రాలలో కొన్ని ప్రసిద్ధ చిత్రాలకు నకళ్ళే. సిబ్బందిపై ఆధారపడడంవలన ఆయన జీవితకాలంలోనే కొన్ని వస్తువులు చేతులు మారాయని, తరలింపులో మరికొన్ని పోయాయని, ఇపుడున్నది మూల సేకరణలో ఒక భాగమేనని ప్రచారంలో ఉంది.

ఈ సేకరణ వెనుక ఉన్న ధనం జాగీరు గ్రామాల రైతులు చెల్లించిన శిస్తునుండి వచ్చినదన్న విషయం కూడా మరువరానిది. పల్లెలనుండి దివాన్ దేవిడీకి చేరిన ఆదాయం సంపన్నుని వ్యక్తిగత అభిరుచికి ఖర్చయింది. ఆ అభిరుచి ఫలితం చివరకు అందరూ చూడగల ఆస్తి కావడం యాదృచ్ఛికంగా జరిగినదే అయినా, దానివలన ఒక పాత బాకీ కొంతైనా తీరినట్లయింది.

పాలకుడుగా యూసుఫ్ అలీ ఖాన్ స్థానం చిన్నది. తాతవలె సంస్కరణలు చేయడానికి ఆయనకు కాలమూ, అవకాశమూ లభించలేదు. దివానులుగా ప్రసిద్ధికెక్కిన వంశంలో చివరివాడైన ఈయన పేరు నేడు ప్రజల నోట నిలిచినది పదవివలన కాదు, పోగుచేసిన వస్తువులవలన. బీదరు, కరీంనగరు పనివారు తాము చేసిన పాత్రలపై పేర్లు చెక్కుకోలేదు. వారి పనితనం నేటికీ ఒకచోట కనబడడానికి వారసులు లేని ఈ నవాబు కారణమయ్యాడు.

విశేషాలు

* మూడు తరాల సాలార్ జంగులు ముగ్గురూ హైదరాబాదు దివానులుగా పనిచేశారు. వీరిలో మొదటివాడు 30 సంవత్సరాలు, రెండవవాడు సుమారు మూడు సంవత్సరాలు, మూడవవాడు సుమారు రెండు సంవత్సరాలు పదవిలో ఉన్నారు.
* మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని కొన్నది మూడవ సాలార్ జంగ్ అని చాలామంది భావిస్తారు. నిజానికి ఆయన పుట్టడానికి 13 సంవత్సరాల ముందే తాత దానిని కొన్నాడు.
* మ్యూజియంలో నలభై వేలకు పైగా కళావస్తువులు ఉన్నాయి. ఒక కుటుంబపు సేకరణతో ఏర్పడిన ప్రదర్శనశాలలలో ఇది దేశంలోనే పెద్దవాటిలో ఒకటి.
* మ్యూజియం నిర్వహణ కేంద్ర ప్రభుత్వ సంస్కృతి మంత్రిత్వశాఖ పరిధిలో ఉంది.